రైలొచ్చిన్నాడు

మా ఇంట్లో "ఇవ్వను", "కుదరదు" అనే మాటలు వినపడేవి కావు. వాటి బదులు "రైలొచ్చిన్నాడు" అనేవాళ్ళం, అంటే రైలు వచ్చిన రోజున అని.

ఆ మాట మా బాపుది. మా పుట్టింటి ఊరు సిద్దిపేట దగ్గర, చంద్లాపూర్ పక్కన. నా చిన్నతనంలో ఎవరో నలుగురు వచ్చి, మా మెట్ట చెలకల్లో గొలుసులు పరిచి కొలిచి, సున్నంతో గీతలు గీసి, మా అరుగు మీద కూర్చుని చల్ల తాగి, సిద్దిపేటకు రైలు వస్తుందని చెప్పి పోయారు. బాపు నమ్మాడు. రైలు కిటికీలోంచి చూస్తే మన జొన్న చేను ఎట్లా కనబడుతుందో అని గట్టు మీద నిలబడి చూసుకున్నాడు. ఆ వారమే పెద్ద వాన పడి సున్నం గీతలు కొట్టుకుపోయాయి. ఆ నలుగురు మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఎవరు ఏది అడిగినా బాపు మీసం దువ్వుకుంటూ "రైలొచ్చిన్నాడు ఇస్త తీ" అనేవాడు. అడిగినవాళ్ళు కూడా నవ్వి ఊరుకునేవారు.

నేను మూడో తరగతితో బడి మానేశాను. పెళ్ళయి సిద్దిపేటకు వచ్చేటప్పుడు పుట్టింటినుంచి తెచ్చుకున్నవాటిలో గట్టివి రెండే. ఒకటి ఇత్తడి గంగాళం, రెండోది బాపు మాట. గంగాళం కన్నా మాటనే నేను ఎక్కువ వాడాను. కాదంటే ఎందుకు కాదని అడుగుతారు. మొహాలు ముడుచుకుంటారు. రైలొచ్చిన్నాడు అంటే గొడవ లేదు, ఖర్చు లేదు.

మా ముసలాయనకు ఫొటో పిచ్చి. పెళ్ళినాడు ఇద్దరం దిగిన ఒకే ఒక్క ఫొటోను చెదలు తిన్నాయి. ఇంకొకటి దిగుదామని ఏటా అడిగేవాడు.

"పండ్లు ఊడినంక ఫొటోలేందయ్యా? రైలొచ్చిన్నాడు దిగుదాం తీ" అనేదాన్ని.

పక్కింట్లో కుట్టుమిషన్ మీద బతికే ఒకామె ఉంది. మా పిల్లలు పిన్ని అన్నట్లు ఖాలా అంటారు కనుక నేనూ ఖాలా అనే పిలుస్తాను. మా రెండు దొడ్లకు నడుమ ఒకే గోడ. అయినా ఆమె మా ఇంటికి రావాలంటే సందు చుట్టి రావాలి. గోడకు చిన్న దర్వాజ పెట్టుకుందామని ఆమె కోరిక. గోడ పగలగొట్టడం, మేస్త్రీ, కట్టె, గొళ్ళెం... నాకు ఇవన్నీ ఖర్చులాగానే వినబడ్డాయి. ఆమెకూ అదే జవాబు చెప్పాను.

మనవరాలు కాలేజీలో చేరినప్పటినుంచి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంటానని ఒకటే పోరు. నడుము దాటిన జుట్టు. కొబ్బరినూనె నా చేతులతో రాసి పెంచిన జుట్టు. "రైలొచ్చిన్నాడు కత్తిరించుకో పో" అన్నాను. అది మూతి తిప్పుకుని పోయింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నేను ఆడిన మాట తప్పను. ఇస్తానన్నది ఇవ్వకుండా ఉన్నది లేదు, వస్తానన్న చోటికి పోకుండా ఉన్నది లేదు. ఇది మా వాడకట్టు మొత్తానికి తెలుసు. తర్వాత జరిగినదంతా అందువల్లే జరిగింది.

ఈ పదేళ్ళలో మా సిద్దిపేటకు వస్తాయనుకోనివన్నీ రావడం మొదలుపెట్టాయి. ముందు రాష్ట్రమే వచ్చింది. అంతకు ముందు ఉద్యమం రోజుల్లో రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండి, ఆగిపోయిన బస్సుల్లోని వాళ్ళను కూడా దింపి, అక్కడే బంతి కూర్చోబెట్టి వడ్డించేవాళ్ళం. వంటావార్పు అనేవారు దాన్ని. నేను నా గంగాళం మోసుకుపోయి పప్పు వండాను. గంగాళానికి సొట్ట అక్కడే పడింది. రాష్ట్రం వచ్చిందని టీవీలో చెప్పిన రోజు మా ముసలాయన ఆ సొట్టను చేత్తో నిమిరి, "దీనికి గూడ పింఛను ఇయ్యాలె" అన్నాడు.

తర్వాత ఇంటింటికి మంచినీళ్ళ నల్లా వచ్చింది. బిందెలు ఎత్తి ఎత్తి నా నడుము వంగిపోయాక వచ్చింది, అయినా వచ్చింది. కొన్నాళ్ళ దాకా నేను నమ్మలేదు. నీళ్ళు మళ్ళీ రావేమోనని గిన్నెలు, చెంబులు, ఆఖరికి మనవరాలి టిఫిన్ డబ్బా కూడా నింపి పెట్టాను. తర్వాత సిద్దిపేట జిల్లా అయింది. కలెక్టరాఫీసులో పని పడితే సంగారెడ్డి బస్సెక్కే బాధ పోయింది. మా యాస కూడా మారకుండానే పెద్దదైంది. ఒకప్పుడు సినిమాల్లో మా లాగా మాట్లాడేవాళ్ళు రౌడీలు, నౌకర్లే. ఇప్పుడు హీరోయిన్ కూడా "ఏంది, గట్ల జూస్తవు" అంటోంది. నేను బళ్ళో ఆ మాటంటే పంతులు చెవి మెలేసేవాడు.

చంద్లాపూర్ దగ్గర రిజర్వాయర్ వచ్చింది. మా తమ్ముడి చెలక కొంత ఆ నీళ్ళ కింద పోయింది. బాపు రైలు కోసం నిలబడి చూసిన గట్టు అందులోనే ఉంది. తమ్ముడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మిగిలిన భూమిలో ఇప్పుడు ఏటా రెండు పంటలు వరి వేస్తున్నాడు. ఆదివారం కట్ట మీదికి పోయి, పట్నంనుంచి పడవ ఎక్కడానికి వచ్చినవాళ్ళకు "గదిగో, గాడ నా చెలక" అని నీళ్ళ నడుమకు వేలు పెట్టి చూపిస్తాడు. వాళ్ళు దానికీ ఫొటో తీసుకుంటారు.

నీళ్ళు రాగానే ఎటు చూసినా వరే. మా చిన్నప్పుడు పండుగనాడే అన్నం. మిగిలిన రోజులన్నీ జొన్న రొట్టె, జొన్న గటక. చుట్టాలు వస్తే రొట్టెలున్న వెదురు గుల్ల దాచేసి, పక్కింట్లో బియ్యం అడుక్కొచ్చి వండేవాళ్ళం. ఇప్పుడు మూడు పూటలా అన్నం తిని తిని ఊరందరికీ షుగర్ పట్టుకుంది. రాత్రిపూట రొట్టె తినమని డాక్టర్లు చెప్పారు. ఈ కాలం పిల్లలకు రొట్టె కొట్టడం రాదు. అందుకని రోడ్ల పక్కన ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టుకుని కొడుతుంటే, కార్లు ఆపి దిగి, వరుసలో నిలబడి కొనుక్కుపోతున్నారు. మేము దాచిపెట్టుకుని తిన్న రొట్టె కోసం కార్లు ఆగడం నేను నా కళ్ళతో చూశాను.

"రాష్ట్రం వచ్చింది, నల్లా వచ్చింది, జిల్లా వచ్చింది. నీ మాట జర మార్చుకోవే. రైలు గూడ వస్తది" అని మా ముసలాయన హెచ్చరించాడు.

"నల్లా వేరు, రైలు వేరు. ఊకో" అన్నాను.

మా ఇల్లు ఊరి చివర. కొన్నాళ్ళకు ఆ వైపు ఎర్రమట్టి కట్ట లేచింది. దాని మీద కంకర పోశారు. ఇట్లాంటి కట్టలు ఎన్ని చూడలేదు అనుకున్నాను. కాని ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక వింత మొదలైంది. ఎన్నడూ ఏమీ అడగనివాళ్ళు కూడా నన్ను అడగడం మొదలుపెట్టారు. అడిగి, నా జవాబు విని, సంతోషంగా పోతున్నారు. ఖాలా దర్వాజ సంగతి మళ్ళీ ఎత్తింది. మనవరాలు జుట్టు సంగతి మళ్ళీ ఎత్తింది. నా కొడుకు ఎరువుల దుకాణం నడుపుతాడు, నోట్లోంచి మాట రాని మనిషి, వాడు కూడా దొడ్లో కోళ్ళగూడు తీసేసి బండి పెట్టుకుంటానని అడిగాడు. అందరికీ ఒకటే జవాబు ఇచ్చాను. వీళ్ళంతా కట్ట మీద కంకర చూసి వచ్చి అడుగుతున్నారని నాకు తట్టలేదు. ఇంటి మిద్దె నేను ఎక్కను, మోకాళ్ళ నొప్పి. మిద్దె మీదినుంచి పట్టాలు కనబడుతున్నాయట.

ఒక సాయంత్రం దొడ్లో నేను చింతపండు గింజ తీస్తున్నాను. కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమెది నారాయణరావుపేట. మాట తక్కువ, పని ఎక్కువ. రొట్టె కొడితే చేతి చప్పుడు నడుమ ఆగదు, అంచు పగలదు. అది ఒక్కటి మాత్రం నేను ఆమె పెళ్ళైన కొత్తలోనే ఒప్పుకున్నాను, మనసులో.

"అత్తమ్మా, ఇంటి ముంగట రొట్టెల పొయ్యి పెట్టుకుంట" అంది.

"ఎందుకు?"

"అమ్మెతందుకు."

చింతపండు కింద పెట్టేశాను.

"నీకేం తక్కువైంది ఇంట్ల?"

"తక్కువైందని గాదు. ఆయన దుకాణానికి పోతడు. పిల్ల కాలేజీకి పోతది. పొద్దుగూకినంక నాకు పనేముంది? నా చేతికి మంచిగ వచ్చిన పని గిదొక్కటే. నా పని అని ఒకటి ఉండాలె గదా అత్తమ్మా."

"మన ఇంట్ల తిండి పెడతరు. అమ్మరు. మీ మామ తాతలనాటి నుంచి గీ వాకిట్లకెళ్ళి ఎవ్వరు ఆకలితోని పోలే. రొట్టె చేతుల పెట్టి పైసలు అడుగుతవా?"

"అప్పుడు రోడ్డు మీద వండిండ్రు గదా మీరు. ఊరంత చూసింది."

"అది తెలంగాణ కోసం."

"ఇది నా కోసం" అంది కోడలు.

గొంతు పెంచలేదు. కళ్ళు దించలేదు. జవాబు తోచనప్పుడు పనికొచ్చే మాట నా దగ్గర ఉండనే ఉంది.

"రైలొచ్చిన్నాడు పెడుదువు తీ."

కోడలు లేచి గోడ దగ్గరికి పోయింది.

"ఖాలా, ఇన్నవా?"

గోడ అవతలినుంచి మిషన్ చప్పుడు ఆగింది. "సునీ బేటీ, సునీ. మంచిగ ఇన్న" అంది ఖాలా.

వీళ్ళకు ఏమైందని అనుకుంటూ నేను మళ్ళీ చింతపండు అందుకున్నాను.

బతుకమ్మకు గునుగు పూలు పూసే రోజుల్లో రైలు వచ్చింది. ఊరు ఊరంతా స్టేషన్‌కు పోయింది. ఇబ్రహీంపూర్‌నుంచి, చంద్లాపూర్‌నుంచి ట్రాక్టర్లలో జనం. డప్పులు, కొబ్బరికాయలు, బంతిపూల దండలు. నిజంగా వచ్చిందో లేదో చూసి వద్దామని నేనూ పోయాను. మా తమ్ముడు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. దూరంగా కూత వినబడింది. అరటి చెట్లు కట్టుకుని, మెడలో దండలు వేసుకుని, కొత్త పెళ్ళికొడుకు లాగా రైలు మెల్లగా వచ్చి ఆగింది. ముసలివాళ్ళు ఇంజనుకు చెంపలేసుకుని మొక్కారు. ఒకామె దానికి బొట్టు పెట్టింది, మెట్టు మీదికెక్కి.

"బాపు ఉంటే బాగుండు అక్కా" అన్నాడు తమ్ముడు.

"ఉంటే ఊరంతటికి అన్ని ఇచ్చుకోవాల్సొస్తుండె" అన్నాను. అని, నాలుక కరుచుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు. పక్కకు తిరిగి చూస్తే మా ఇంటివాళ్ళంతా రైలును కాదు, నన్ను చూస్తున్నారు.

మా ముసలాయన ఆలస్యం చేయలేదు. మనవరాలి చేతిలో ఫోను పెట్టి, నా పక్కకు వచ్చి, కండువా సర్దుకున్నాడు.

"రైలొచ్చిందే" అన్నాడు.

దిగాను. ఆ ఫొటోలో ఆయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, రెండు పండ్లతో. నేను పోలీసులు పట్టుకున్నట్లు ఉన్నాను. వెనక రైలు ఉంది.

ఇంటికి వచ్చేసరికి దొడ్లో ఖాలా గోడ దగ్గర మేస్త్రీని పెట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, రైల్ ఆగయీ! దర్వాజ ఏడ పెట్టమంటవ్, చెప్పు."

"ఇయ్యాల్నే రావాల్నా?"

"ముప్పై ఏండ్ల సంది సందు తిరుగుతున్న. ఇంకొక్కనాడు తిరగ" అంది.

సుత్తె దెబ్బ పడింది. కోళ్ళు ఎగిరి చింతచెట్టెక్కాయి. ఎట్లాగూ గూడు పోయేదేనని నా కొడుకు దానిని పీకడం మొదలుపెట్టాడు. పొద్దుగూకే వేళకు మనవరాలు తలుపు సందులోంచి ముందు మొహం పెట్టి, తర్వాత లోపలికి వచ్చింది. జుట్టు భుజాల దాకా ఉంది. మెడ మీద మా అవ్వకున్న పుట్టుమచ్చే దానికీ ఉందని ఆ రోజే కనబడింది నాకు.

"నాయినమ్మా, కోపమా?"

"నూనె ఖర్చు తగ్గింది తీ" అన్నాను.

కోడలు మాత్రం ఏమీ అడగలేదు. ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అన్నం వండింది, బట్టలు మడతపెట్టింది, కొత్త దర్వాజలోంచి ఖాలా వస్తే చాయ్ ఇచ్చింది. పొయ్యి మాట ఎత్తలేదు. అందరూ నా మెడ మీద కూర్చుని వసూలు చేసుకుంటే ఈమె ఎందుకు ఊరుకుంది? నాకే ఉండబట్టలేదు.

"నువ్వు గూడ అడుగరాదు. మాట ఇచ్చిన గదా. రైలొచ్చింది గదా" అన్నాను ఒక పొద్దున్నే.

కోడలు ముగ్గు వేస్తోంది. గీత పూర్తి చేసి తల ఎత్తింది.

"దర్వాజ వేరు అత్తమ్మా. ఒక్కపారి పెడితే అయిపోతది. పొయ్యి దినాం పెట్టాలె. మాటకు చిక్కి ఇచ్చిన్రనుకో, దినాం మీ మొకం చూసుకుంట రొట్టె కొట్టాలె. నాతోని గాదు. మీకు మంచిగనిపించిన్నాడు చెప్పుండ్రి, పెట్టుకుంట. లేకుంటే వద్దు."

నేను లోపలికి వచ్చేశాను. మాట నిలబెట్టుకోవడం నాకు చేతనైన పని. మంచిగ అనిపించడం మాత్రం నా చేతిలో ఉన్నది కాదు. తిండి అమ్మడం నాకు మంచిగ అనిపించలేదు. లేనిదాన్ని ఉందని చెప్పలేను. మా ఇద్దరికీ పంతం కాదు, కాని ఇంట్లో ఏదో మూత పెట్టినట్లు ఉండేది. ఆమె రొట్టె కొట్టే చప్పుడు వంటింట్లోంచి వస్తుంటే, అది రోడ్డు దాకా వినబడాలని ఆమె అనుకుంటోందేమో అనిపించేది.

కొన్నాళ్ళకు ముసలాయన కళ్ళ పరీక్షకు పట్నం పోవాల్సి వచ్చింది. రైల్లో పోదామన్నాడు. కొత్త వేషాలు వద్దన్నాను. టికెట్టు బస్సుకన్నా తక్కువని చెప్పాక నేనే ముందు చెప్పులేసుకున్నాను. కోడలు ఒక డబ్బాలో జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ కట్టి ఇచ్చింది. దవాఖానలో వాళ్ళే ఏదో తిండి పెట్టారు కనుక డబ్బా అట్లాగే ఉండిపోయింది.

తిరుగు రైల్లో మా ఎదుట ఒక అమ్మాయి కూర్చుంది. పట్నంలో ఏదో దవాఖానలో నర్సుగా చేస్తుందట. ఇంతకు ముందు అక్కడే హాస్టల్లో ఉండేది. రైలొచ్చాక సిద్దిపేటలో వాళ్ళ అమ్మ దగ్గరే ఉండి, పొద్దున పోయి పొద్దుగూకే వేళకు వస్తోందట. కిటికీకి తల ఆనించి, నిద్ర లేదు మెలకువ లేదు అన్నట్లు ఉంది. నేను డబ్బా మూత తీయగానే కళ్ళు తెరిచింది.

"అమ్మమ్మా, రొట్టెలు ఏడ కొన్నరు?"

"కొనుడేంది? మా కోడలు చేసింది. తిను బిడ్డా."

వద్దు వద్దంటూనే తీసుకుంది. కారం అద్దుకుని తింటుంటే ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. అవతల కూర్చున్న ఒకాయన అటూ ఇటూ చూసి చెయ్యి చాపాడు. ఆయనకూ ఇచ్చాను. ఆయన పక్కాయనకూ ఇచ్చాను. మా ముసలాయనకు మిగిలింది ఒకటే. ఆయన దాన్ని చేత్తో మూసుకుని తిన్నాడు.

"పొద్దటి రొట్టె ఇంత మెత్తగ ఎట్లున్నది అమ్మమ్మా? మా అమ్మకు గూడ షుగరే. నేను ఇల్లు చేరేసరికి పానం పోయినట్లయితది. ఇగ రొట్టె ఎవరు చెయ్యాలె? ఇద్దరం అన్నమే తిని పంటం."

"మా ఇల్లు టేషన్ తొవ్వలనే ఉన్నది. దినాం రా. నీకు, మీ అమ్మకు కట్టిస్త. మా ఇంట్ల ఎవ్వర్ని కాదనం" అన్నాను. నా గొంతులో కొంచెం గొప్ప ఉంది. ఉండనీ.

అమ్మాయి వేళ్ళు తుడుచుకుని, మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"రాను అమ్మమ్మా."

"ఏం?"

"ఒక్కనాడంటే అడిగి తింట. రెండోనాడు గూడ తింటనేమో. దినాం వచ్చి మీ వాకిట్ల నిలబడాలంటే మొకం చెల్లదు. కొనుక్కునేదైతే దినాం వస్త. ఇంకొకటి ఎక్కువ చెయ్యమని అడుగుత. జర మాడిందనుకో, కొట్లాడుత గూడ."

రైలు పెట్టెలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కిటికీ బయట చేలు పోతున్నాయి. మా వాకిట్లోంచి ఎవరూ ఆకలితో పోలేదని ఇన్నేళ్ళు చెప్పుకున్నాను. ఆకలి ఉండీ మొహం చెల్లక వాకిట్లోకే రానివాళ్ళను నేను ఎన్నడూ చూడలేదు. రానివాళ్ళు ఎట్లా కనబడతారు? పెట్టేవాళ్ళ చెయ్యి పైన ఉంటుంది, తినేవాళ్ళది కింద. ఈ పిల్ల తన చెయ్యి కూడా సమంగా ఉండాలంటోంది. కొట్లాడే హక్కు కావాలంటోంది. నాకు ఆ మాట నచ్చింది. కూరగాయల దగ్గర నేను ఏనాడూ కొట్లాడకుండా కొన్నది లేదు.

ముసలాయన నా వైపు చూసి, "ఏందే, కడుపుల నొస్తుందా?" అన్నాడు.

"లేదు. మంచిగనిపిస్తుంది" అన్నాను.

ఇంట్లో అడుగుపెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింటికి పోయాను. కోడలు కూర కలుపుతోంది.

"పొయ్యి ఏడ పెడతవో చూపెట్టు."

గంటె ఆగింది. "మాట ఇచ్చిన అనేనా అత్తమ్మా?"

"మాటకు గాదు, రైలుకు గాదు. రైల్ల ఒక పిల్ల నీ రొట్టె తిన్నది. నా దగ్గర ఊకెనే తినదట. నీ దగ్గర కొనుక్కుంటదట. కొట్లాడుతదట గూడ. పెట్టు. నేనే చెప్తున్న."

కోడలు మంచం దగ్గరికి పోయి, వంగి, కింది నుంచి పాత చీరలో చుట్టిన మూటను బయటికి లాగింది. విప్పితే ఇంతంత వెడల్పున, రొట్టెలు కాల్చే కొత్త ఇనుప పెంక.

"ఎప్పుడు కొన్నవే గిది?"

"పట్టాలు ఏసిన్నాడే కొన్న" అంది. అప్పుడు నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం పెళ్ళై వచ్చినప్పటినుంచి నేను వినలేదు. ఆ నవ్వు విని దర్వాజలోంచి ఖాలా పరుగెత్తుకొచ్చింది. సందు తిరిగి వచ్చేదైతే నవ్వు అయిపోయేది.

నేను షరతులు పెట్టాను. షరతు లేకుండా నేను ఏదీ ఇవ్వను. ప్లాస్టిక్ కవర్లు ఉండవద్దు. కొనేవాళ్ళు డబ్బా తెచ్చుకోవాలి, తేకపోతే మోదుగాకులో కట్టాలి. బేరం లేనప్పుడు లైటు ఆర్పాలి. జొన్నలు మా తమ్ముడి దగ్గరే తీసుకోవాలి. వరి వేసే తమ్ముడు ఇప్పుడు మా కోడలి కోసం ఒక మడి జొన్న వేశాడు, బాపు చేను నీళ్ళ కిందికి పోయినా జొన్న పోలేదని అందరికీ చెప్పుకుంటున్నాడు.

మంచిరోజు చూసి ఇంటి ముందు పొయ్యి వెలిగించాం. ఖాలా కొత్త గుడ్డతో పందిరి కుట్టి కట్టింది. మనవరాలు అట్టముక్క మీద రంగులతో "జొన్న రొట్టెలు" అని రాసి, కింద రైలు బొమ్మ వేసింది. సాయంత్రం రైలు వచ్చే వేళ. కోడలు పీట ముందు కూర్చుని మొదటి రొట్టె కొట్టింది. ఆ చప్పుడు నేను అనుకున్నట్లే రోడ్డు దాకా వినబడింది. స్టేషన్‌నుంచి జనం రావడం మొదలైంది. ఆ నర్సు పిల్ల కూడా కనబడింది, చేతిలో డబ్బాతో.

"బోణీ ఎవరు చేస్తరు?" అన్నాడు నా కొడుకు.

మొదటి బేరం చేసిన చెయ్యి మంచిదైతే రోజంతా బేరం బాగుంటుందని అందరం నమ్ముతాం కదా. ఖాలా తనే చేస్తానంది. మనవరాలు తనే అంది.

"అత్తమ్మనే చెయ్యాలె" అంది కోడలు, పెంక మీది రొట్టె తిప్పుతూ.

"మీ అత్త చెయ్యా?" అన్నాడు మా ముసలాయన. "గా చెయ్యికి తీసుకునుడే తెలుసు బిడ్డా. ఇచ్చుడు తెల్వది."

అందరూ నవ్వారు. నేను అరుగు దిగి, వరుసలో నర్సు పిల్లకు ముందు పోయి నిలబడ్డాను. నడుముకున్న సంచి విప్పాను. నా జన్మలో వండిన తిండి కొనలేదు. హోటల్లో చాయ్ కూడా తాగలేదు.

"ఒక్క రొట్టె ఎంత?"

కోడలు ధర చెప్పింది.

"గంతనా? ఇంటి జొన్నలు, ఇంటి చెయ్యి. తగ్గియ్యి."

"ఫిక్స్ రేటు అత్తమ్మా."

"అత్తకు గూడనా?"

"వరుసల అందరున్నరు. ఎవ్వరికైనా ఒకటే."

"మరి ఎప్పుడు తగ్గిస్తవ్?"

కోడలు రొట్టెను మోదుగాకులో పెట్టి, కారం వేసి, నా చేతికి అందించింది.

"సిద్దిపేటకు ఇమానం వచ్చిన్నాడు" అంది.

వాకిలంతా నవ్వింది. వెనక నర్సు పిల్ల, "జర జల్ది అమ్మమ్మా, మా అమ్మ ఎదురుచూస్తది" అంది. నేను పూర్తి ధర ఇచ్చాను. కోడలు ఆ పైసలు కళ్ళకద్దుకుని పొయ్యి పక్కన పెట్టుకుంది. పక్కకు జరిగి, రోడ్డు మీద నిలబడే రొట్టె తిన్నాను. అంచు మాడలేదు. కొట్లాడటానికి ఏమీ దొరకలేదు.

ఆ విమానం మాట మాత్రం నేను గుర్తుపెట్టుకున్నాను. రైలే వచ్చింది, దాని సంగతి ఎవరికి తెలుసు?